పెడల్ స్టీల్ మీద రాక్ పాట: మోగే తీగను ఆపడమెలా

గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మొదటి నెలలోనే వాయించి చూసే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుస) ఒకటుంది, రాక్ బృందం డీప్ పర్పుల్ 1972లో ‘మెషిన్ హెడ్’ ఆల్బమ్‌లో ఇచ్చిన ‘స్మోక్ ఆన్ ది వాటర్’ రిఫ్. దాన్నే, తీగల మీద ఉక్కు బార్ జార్చి వాయించే పెడల్ స్టీల్ గిటారు మీద వాయించి చూస్తే, ఈ వాద్యానికి రాక్ ఎక్కడ చక్కగా కుదురుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో రెండూ ఒక్క నిమిషంలో తెలిసిపోతాయి.

ముందు కుదిరే సంగతి. డీప్ పర్పుల్ గిటారు వాద్యకారుడు రిచీ బ్లాక్‌మోర్ ఆ రిఫ్‌ను గిటారు డి, జి తీగల మీద రెండేసి స్వరాలుగా మీటుతాడు. ఆ రెండు స్వరాల మధ్య దూరం మొదటి నుంచి చివరిదాకా మారదు, కిందిది షడ్జమం అనుకుంటే పైది శుద్ధ మధ్యమం. పెడల్ స్టీల్‌లో ఎక్కువమంది వాడే ఇ9 శ్రుతిలో పదో తీగ బి, ఎనిమిదో తీగ ఇ, వీటి మధ్య కూడా సరిగ్గా అంతే దూరం. మూడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర బార్ పెట్టి ఆ రెండు తీగలూ కలిపి మీటితే రికార్డులో వినిపించే డి, జి స్వరాలే, అదే స్థాయిలో పలుకుతాయి. ఆపైన బార్‌ను 3, 6, 8 దగ్గరికి, మళ్లీ 3, 6, 9, 8 దగ్గరికి, చివరగా 3, 6, 8, 6, 3 దగ్గరికి తీసుకెళ్తే స్వరాలన్నీ వచ్చేస్తాయి. గిటారు మీదైతే వేలు రెండు తీగలనూ సమానంగా అదిమి పట్టాలి, ఇక్కడ అడ్డంగా పడుకున్న ఉక్కు కడ్డీకి అది పుట్టుకతో వచ్చిన పని. మధ్యలో ఉన్న తొమ్మిదో తీగను తాకకుండా బొటనవేలు, మధ్యవేలు చెరోపక్కా మీటాలి, అంతే.

ఇక మొరాయించే సంగతి. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నా విన్నవాళ్లకు అది ఆ పాటలా వినపడదు. ప్రతి రెండు స్వరాల మధ్యా ‘ఊయ్’ మని ఒక జారుడు వస్తుంది, రిఫ్‌లో ఉండాల్సిన ఖాళీలన్నీ ఆ జారుడుతో నిండిపోతాయి. గిటారు మీద వేలు కొంచెం సడలిస్తే చాలు, స్వరం చచ్చిపోతుంది. పెడల్ స్టీల్‌లో తీగ ఫ్రెట్‌ను అసలు తాకనే తాకదు, ఫ్రెట్లంటే అక్కడ గీసిన గీతలు మాత్రమే. బార్ తీగ మీద ఉన్నంతసేపూ స్వరం బతికే ఉంటుంది, బార్ ఎటు వెళ్తే అటు వెంట వస్తుంది. రాక్ పాటను ఈ వాద్యం మీదికి తెచ్చేవాళ్లకు అసలు కష్టం ఇక్కడే. స్వరం పలికించడం సులువు, పలికిన స్వరం చేత సమయానికి నోరు మూయించడమే కష్టం. డిస్టార్షన్, అంటే శబ్దంలో గరుకు, ఏ పెడల్‌తో తేవాలి, ఏ యాంప్ కొనాలి అన్న చర్చలు వందల కొద్దీ జరుగుతుంటాయి గానీ, వాటన్నిటికంటే ముందు తేలాల్సింది ఇది.

మన దగ్గర ఈ వాద్యాన్ని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరం. పెడల్ స్టీల్ ఒళ్లో పెట్టుకునేది కాదు, కాళ్లున్న సన్నటి బల్లలా ఉంటుంది. వాయించేవాళ్లు దాని ముందు కూర్చుంటారు. పది తీగలు. ఎడమచేతిలో నున్నటి ఉక్కు బార్, కుడిచేతికి బొటనవేలి పిక్ ఒకటి, మరో రెండు వేళ్లకు లోహపు పిక్కులు. ఎడమకాలు పెడళ్ల మీద, కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద, మోకాళ్లకు రెండుపక్కలా లివర్లు. ఇ9లో మామూలుగా మూడు పెడళ్లు, నాలుగైదు లివర్లు ఉంటాయి. ‘ఎ’ పెడల్ తొక్కితే బి తీగలు సి షార్ప్‌కు పెరుగుతాయి, ‘బి’ పెడల్ తొక్కితే జి షార్ప్ తీగలు ఎ అవుతాయి, ‘సి’ పెడల్ నాలుగో తీగను ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కు లాగుతుంది, దాంతో పాటు ఐదో తీగను కూడా పెంచుతుంది. ఒక మోకాలి లివర్ ఇ తీగలను అర స్వరం దించుతుంది, ఇంకొకటి అర స్వరం పెంచుతుంది.

వీణ మీద గమకం కోసం తీగను మెట్టు మీదే పక్కకు లాగుతారు. చిత్రవీణలో మెట్లే లేవు, తీగ మీద ఒక దిమ్మె జారుతుంది. పెడల్ స్టీల్‌లో ఈ రెంటికీ తోడు మూడో దారి ఉంది: చెయ్యి కదలదు, కింద ఉన్న కడ్డీలు ఒక తీగను లాగుతాయి, పక్క తీగలు ఉన్నచోటే ఉంటాయి. మూడు తీగలు కలిసి మోగుతుండగా వాటిలో ఒక్కటే మెల్లగా పైకి ఎక్కుతుంటే వచ్చే ఆ కరుగుడే ఈ వాద్యానికి గుర్తు. దీని తాత హవాయి గిటారు. 19వ శతాబ్దం చివర్లో హవాయిలో జోసెఫ్ కెకుకు తీగ మీద ఉక్కు ముక్క జార్చి వాయించే పద్ధతికి పేరు తెచ్చాడు, అదే ఊళ్లు దాటి మన దేశానికీ వచ్చింది. హవాయి గిటారు మీద సినిమా పాటలు వాయించిన సునీల్ గంగూలీ రికార్డులు విన్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. పెడల్ మాత్రం అమెరికాలో చేరింది. 1954లో హిట్టయిన వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరం మార్చాడు. ఆ తర్వాత అమెరికా పల్లె బాణీల ‘కంట్రీ’ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో అందరికీ ఆ సౌండే కావాల్సి వచ్చింది. బడ్డీ ఎమ్మన్స్ లాంటి వాళ్లు తీగల సంఖ్య, పెడళ్ల పని మార్చి నేటి ఇ9 రూపానికి తెచ్చారు. అంటే ఇప్పుడు దొరికే వాద్యం, దాని శ్రుతి, దాని పెడళ్లు అన్నీ కంట్రీ పాటలో గాయకుడి వెనక మెత్తగా సాగడానికి కుదిర్చినవి. రాక్ కోసం ఎవరూ కుదర్చలేదు. ఇది మనసులో పెట్టుకుంటే చాలా చిక్కులకు కారణం దొరుకుతుంది.

ఆపడం దగ్గరికి వద్దాం. కుడి అరచేతి అంచును, చిటికెన వేలి వైపు అంచును, తీగల మీద ఆనించి ఆపడాన్ని పామ్ బ్లాకింగ్ అంటారు. మీటిన వేలి పిక్‌నే మళ్లీ తీగకు ఆనించి ఆపితే పిక్ బ్లాకింగ్. పై రిఫ్‌లో ఒక్కో అడుగు ఇలా నడవాలి: మీటాలి, ఎంతసేపు మోగాలో అంతసేపే మోగనివ్వాలి, అరచేయి ఆనించాలి, ఆ నిశ్శబ్దంలో బార్ జరపాలి, అరచేయి లేపుతూనే మీటాలి. బార్ కదలడం ఎవరికీ వినపడకూడదు. ఎడమచేతిలో బార్ వెనక వచ్చే వేళ్లు కూడా తీగల మీద మెత్తగా ఆని ఉండాలి, లేకపోతే బార్‌కు అటువైపు మిగిలిన తీగ ముక్క కూడా గుయ్యిమంటుంది. కంట్రీ వాద్యకారులకు ఇది రాదని కాదు, వేగంగా సాగే ఇన్‌స్ట్రుమెంటల్ పాటలన్నీ బ్లాకింగ్ మీదే నిలబడ్డాయి. కానీ నెమ్మది పాటలతో నేర్చుకున్న చేతికి సాగదీయడమే అలవాటవుతుంది, అక్కడ సాగితేనే అందం. రాక్‌లో అదే చెయ్యి డ్రమ్స్‌తో పాటు తెగాలి. స్నేర్ డ్రమ్ దెబ్బ పడే చోట స్వరం ఇంకా మోగుతూ ఉంటే ఆ దెబ్బకు బలం పోతుంది, వినేవాళ్లకు ఎందుకో తెలియదు గానీ పాట నీరసంగా ఉందనిపిస్తుంది.

డిస్టార్షన్ పెట్టగానే ఈ క్రమశిక్షణ పదిరెట్లు అవసరమవుతుంది. పెద్ద శబ్దాన్ని నరికి చిన్న శబ్దాన్ని పెంచడమే డిస్టార్షన్ చేసే పని. మామూలుగా వినపడని చిన్న తగులు, పక్క తీగ ప్రకంపన, పిక్ గీరుడు, అన్నీ మీటిన స్వరంతో సమానంగా పైకి వస్తాయి. రెండు తీగలు మీటితే మిగిలిన ఎనిమిదీ గురగురలాడుతుంటాయి. పైగా స్టీల్ పికప్‌లలో రాగి తీగ చుట్లు మామూలు గిటారు పికప్‌ల కంటే చాలా ఎక్కువ, సిగ్నల్ బలంగా బయటికొస్తుంది. గిటారుకు సరిపోయిన గెయిన్‌ను, అంటే డిస్టార్షన్ మోతాదును, స్టీల్‌కు అలాగే ఉంచితే ముద్దయిపోతుంది. సగానికి తగ్గించి మొదలుపెట్టడం మేలు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. రాక్ గిటారు వాళ్లు డిస్టార్షన్‌లో పూర్తి మేజర్ కార్డ్ మానేసి సా, పా మాత్రమే ఉన్న పవర్ కార్డ్ ఎందుకు పట్టుకుంటారు? రెండు స్వరాలు డిస్టార్షన్‌లోంచి కలిసి వెళ్తే వాటి పౌనఃపున్యాల తేడా కూడా ఒక కొత్త స్వరంగా పుడుతుంది. ఇ స్వరం 329.6 హెర్ట్జ్, దాని పంచమం బి 493.9. తేడా 164.3. ఒక స్థాయి కింద ఉండే ఇ 164.8, అంటే పుట్టిన స్వరం దాదాపు దాని మీదే పడింది, కార్డ్‌కు కింద బలం చేరినట్టవుతుంది. ఇప్పుడు అంతర గాంధారం, అంటే జి షార్ప్ తీసుకుంటే, ఫ్రెట్లున్న గిటారులో అది 415.3 దగ్గర ఉంటుంది. తేడా 85.7. రెండు స్థాయిల కింద ఇ 82.4, దాని పక్కనున్న ఎఫ్ 87.3. పుట్టిన స్వరం ఈ రెంటి మధ్యలో ఎటూ కాకుండా నిలబడి కింద మురుగులా కదులుతుంది. గిటారు వాళ్లు గాంధారం వదిలేసేది అందుకే.

పెడల్ స్టీల్ కథ వేరు. దీన్ని శ్రుతి చేసేవాళ్లలో ఎక్కువమంది గాంధారాన్ని మెషీన్ చూపించిన చోట ఉంచరు, రెండు తీగలు కలిసి మోగుతుంటే వినపడే ఊపు ఆగేదాకా చెవితో దించుతారు. అంటే దాదాపు 14 సెంట్లు, అర స్వరంలో ఏడో వంతు కిందికి. అప్పుడు జి షార్ప్ 412 దగ్గర కూర్చుంటుంది, తేడా సరిగ్గా 82.4, ఆ ఇ స్వరమే. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ గాంధారం కొత్త కాదు. కాబట్టి డిస్టార్షన్‌లో మూడు స్వరాల మేజర్ కార్డ్ గిటారు మీద మురికిగా ఉన్నా స్టీల్ మీద శుభ్రంగా, ఆర్గన్‌లా నిలబడుతుంది. గిటారు వాళ్లకు లేని సౌకర్యం ఇది. ‘స్టీల్‌కు డిస్టార్షన్ పనికిరాదు’ అనేవాళ్లు ఈ ఒక్క కార్డ్ వింటే మాట మార్చుకుంటారు. అయితే రెండు జాగ్రత్తలు. బ్యాండ్‌లో కీబోర్డ్ అదే గాంధారాన్ని 415 దగ్గర గట్టిగా పట్టుకుని ఉంటే రెండూ కొట్టుకుంటాయి, అక్కడ ఎవరో ఒకరు ఆ స్వరం వదిలేయాలి. రెండోది మైనర్ కార్డ్. ఇ, జి కలిపి డిస్టార్షన్‌లో పెడితే కింద పుట్టేది సి, పాటలో లేని కార్డ్ తలెత్తుతుంది. మైనర్ పాటల్లో డిస్టార్షన్ ఉన్నంతసేపూ సా, పాలతో సరిపెట్టుకోవడమే మంచిది.

స్థాయి సమస్య కూడా ఉంది. ఇ9లో అన్నిటికంటే కింది తీగ బి, 123 హెర్ట్జ్. మామూలు గిటారు కింది ఇ 82 హెర్ట్జ్. గిటారు కింది రెండు తీగల మీద నడిచే రిఫ్‌లు, రాక్‌లో సగానికి సగం అవే, ఇ9 మీద అసలు స్థాయిలో దొరకవు. ఒక స్థాయి పైన వాయిస్తే పీలగా వినిపిస్తుంది. రెండు నెక్‌లున్న స్టీల్ అయితే రెండో నెక్ సి6 శ్రుతిలో ఉంటుంది, దాని కింది తీగ సి, 65 హెర్ట్జ్, గిటారు కంటే కూడా కింద. అక్కడ తొమ్మిది, ఏడు తీగలు ఎఫ్, సి. ఎనిమిది, ఆరు తీగలు ఎ, ఇ. ఏడు, ఐదు తీగలు సి, జి. మూడు జతలూ సా, పాలే, మూడు పవర్ కార్డ్‌లు పక్కపక్కనే సిద్ధంగా ఉన్నాయన్నమాట. సి6ను వెస్టర్న్ స్వింగ్‌కు, జాజ్‌కు వదిలేయడం ఆనవాయితీగా వస్తోంది గానీ, బరువైన రాక్ రిఫ్‌లకు పెడల్ స్టీల్‌లో అంతకంటే మంచి చోటు లేదు. ఒకే నెక్ ఉన్నవాళ్లు అలాంటి రిఫ్‌ను గిటారుకో బేస్‌కో వదిలేసి పైన ఇంకేదైనా వాయించడం మంచిది.

బెండ్ విషయంలో మాత్రం గిటారు వాళ్లే స్టీల్‌ను చూసి అసూయపడాలి. రాక్ సోలోల్లో తరచూ వినిపించే యూనిసన్ బెండ్, అంటే ఒక తీగ మీద స్వరం స్థిరంగా మోగుతుంటే పక్క తీగను కింది నుంచి లాగి అదే స్వరానికి చేర్చడం, ఇ9లో కాలి కిందే ఉంది. ఒకటో తీగ ఎఫ్ షార్ప్, నాలుగో తీగ ఇ. రెండూ కలిపి మీటి ‘సి’ పెడల్ తొక్కితే నాలుగోది వెళ్లి ఒకటోదాన్ని కలుస్తుంది. మూడో ఫ్రెట్ దగ్గరైతే అది ఎ స్వరం. కలిసే ముందు క్షణంలో రెండు స్వరాలు రాసుకుంటూ ఊగుతాయి చూడండి, ఆ ఊగుడే రాక్‌లో అరుపుగా వినిపించేది. దాన్ని తొందరగా దాటేస్తే ఏమీ మిగలదు. గిటారు మీద తీగ పైకి వెళ్లేకొద్దీ బిగుసుకుంటుంది, వేలికి శ్రమ పెరుగుతుంది, అందుకే బెండ్ చివర నెమ్మదిస్తుంది. పెడల్‌కు ఆ శ్రమ అంతగా లేదు, టకీమని వెళ్లి ఆగాల్సిన చోట కచ్చితంగా ఆగుతుంది. ఆ కచ్చితత్వమే దాన్ని కంట్రీ బెండ్‌లా మార్చేస్తుంది. కాలు సగంలో ఒక్క క్షణం తటపటాయించి మిగతా దూరం నెట్టుకుంటూ వెళ్తేనే అరుపు వస్తుంది. బ్లూస్‌లో కావాల్సిన, రెండు గాంధారాల మధ్య ఉండే ఆ స్వరం కోసం పెడల్ కూడా అక్కర్లేదు, బార్‌ను ఫ్రెట్ గీత కంటే కాస్త వెనక ఆపితే చాలు.

వైబ్రాటో కూడా అంతే ముఖ్యం, కానీ చిన్న మాటలో తేలిపోతుంది. గిటారు మీద వేలి వైబ్రాటో స్వరం నుంచి పైకి వెళ్లి వస్తుంది, బార్ వైబ్రాటో స్వరానికి అటూ ఇటూ ఊగుతుంది. వేగంగా, సన్నగా ఊపితే సముద్రతీరం గుర్తొస్తుంది, ఎంత డిస్టార్షన్ ఉన్నా సరే. రాక్‌కు స్వరం నిటారుగా మొదలై, కాస్త నిలిచాక, నెమ్మదిగా వెడల్పుగా ఊగాలి.

రాక్ అంటే గిటారే కాదు కదా. 1967లో ప్రోకోల్ హారమ్ బృందం ఇచ్చిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ను తీసుకుంటే, అందులో మనసులో నిలిచేది మాథ్యూ ఫిషర్ ఆర్గన్. ఆ పాట సి మేజర్‌లో ఉంటుంది, సి నుంచి కింద బేస్ మెట్టుమెట్టుగా దిగుతుంటే పైన కార్డ్‌లు మారుతుంటాయి. ఇ9 మీద దీన్ని ఎనిమిదో ఫ్రెట్ దగ్గర బార్ పెట్టి, మళ్లీ కదపకుండా వాయించవచ్చు. ఏమీ తొక్కకుండా మూడు, నాలుగు, ఐదు తీగలు మీటితే సి మేజర్. ఇ తీగలు దించే లివర్ నొక్కితే ఇ మైనర్. లివర్ వదిలి ‘ఎ’ పెడల్ తొక్కితే ఎ మైనర్. దానికి ‘బి’ పెడల్ కలిపితే ఎఫ్ మేజర్. రెండూ తొక్కే ఉంచి ఐదు, ఆరు, ఏడు తీగలు మీటితే డి మైనర్. పెడళ్లు వదిలేసి, లివర్ నొక్కి నాలుగు, ఐదు, ఏడు తీగలు మీటితే జి మేజర్. ఎడమచెయ్యి రాయిలా ఉంటుంది, కార్డ్‌లో మారాల్సిన స్వరం ఒక్కటే కదులుతుంది, మిగతావి ఉన్నచోటే మోగుతుంటాయి. ఆర్గన్ మీద వేళ్లు చేసేది కూడా అదే. ఇక్కడ మాత్రం తీగను ఆపాల్సిన అవసరం లేదు. ఈ వాద్యం సహజంగా చేసే పనే పాట అడుగుతోంది. పోకో బృందంలో రస్టీ యంగ్ పెడల్ స్టీల్‌ను లెస్లీ స్పీకర్‌లోంచి, అంటే ఆర్గన్‌కు వాడే తిరిగే స్పీకర్‌లోంచి పంపేవాడు, తెలియనివాళ్లు విని అది ఆర్గనే అనుకునేంతగా.

నిజానికి రాక్ రికార్డుల్లో పెడల్ స్టీల్ బోలెడు చోట్ల ఉంది, గుర్తుపట్టకపోవడమే. 1968లో బర్డ్స్ బృందం ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ కోసం లాయిడ్ గ్రీన్, జేడీ మానెస్ వాయించారు. 1969 నాటి లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌లో ‘యువర్ టైమ్ ఈజ్ గొన్నా కమ్’లో స్టీల్ వాయించింది జిమ్మీ పేజే. 1970లో ‘టీచ్ యువర్ చిల్డ్రన్’ మొదట్లో వినిపించే స్టీల్ గ్రేట్‌ఫుల్ డెడ్‌కు చెందిన జెర్రీ గార్సియాది. ఎల్టన్ జాన్ 1971 పాట ‘టైనీ డాన్సర్’లో బీజే కోల్, నీల్ యంగ్ 1972 ఆల్బమ్ ‘హార్వెస్ట్’లో బెన్ కీత్, అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ ‘టోర్న్ అండ్ ఫ్రేయ్డ్’లో అల్ పెర్కిన్స్. వీటిలో ఎక్కువ చోట్ల స్టీల్ పల్లెటూరి నుంచి వచ్చిన చుట్టంలా మెత్తగా మాట్లాడి వెళ్తుంది, పాటకు కంట్రీ వాసన తేవడమే దాని పని. అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ స్టీల్‌నే రాక్ వాద్యంగా మార్చడం వేరే విషయం, ఆ పని చేసినవాళ్లు తక్కువ.

వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది స్నీకీ పీట్ క్లైనో. ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్ 1969 ఆల్బమ్ ‘ది గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్’లో ఫజ్ అనే గరుకు డిస్టార్షన్ పెట్టి అతను వాయించింది వింటే, అది లీడ్ గిటారు వాడి ధీమా. వాడింది ఎనిమిది తీగల ఫెండర్ స్టీల్, నాష్‌విల్ పద్ధతి శ్రుతి కూడా కాదు, బి6. అందరి చేతికీ అలవాటైన పలుకుబళ్లు అక్కడ దొరకవు, అందుకే కొత్తవి పుట్టాయనిపిస్తుంది. పీట్ డ్రేక్ ఇంకో దారి పట్టాడు. యాంప్ శబ్దాన్ని ఒక గొట్టం ద్వారా నోట్లోకి తెచ్చి, పెదాలు కదుపుతూ స్టీల్ చేత మాటలు పలికించాడు, 1964లో ‘ఫరెవర్’ పాటతో. 1970లో జార్జ్ హారిసన్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ రికార్డింగ్‌లో డ్రేక్ ఆ గొట్టం వాడుతుంటే చూసినవాళ్లలో పీటర్ ఫ్రాంప్టన్ ఒకడు. 1976లో ఫ్రాంప్టన్ లైవ్ ఆల్బమ్‌తో ఆ గొట్టం, అంటే టాక్ బాక్స్, రాక్ ప్రపంచమంతా మోగింది. ఆ ముద్ర స్టీల్ నుంచి వచ్చిందని ఇప్పటికీ చాలామందికి తెలియదు.

అన్నిటికంటే బలమైన దారి చర్చిలోంచి వచ్చింది. అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి పెంతెకొస్తు చర్చిలో 1930ల నుంచీ ఆర్గన్‌కు బదులు స్టీల్ గిటారు మోగుతోంది, ట్రోమన్ ఈసన్, విల్లీ ఈసన్ అన్నదమ్ములతో మొదలై. దీన్ని సేక్రెడ్ స్టీల్ అంటారు. అక్కడ స్టీల్ పని పాటకు వెనక వాయించడం కాదు, బోధకుడి గొంతుకు జవాబివ్వడం, పాడేవాళ్లతో కలిసి కేకవేయడం. న్యూజెర్సీ చర్చి నుంచి వచ్చిన రాబర్ట్ రాండాల్ఫ్ 2000ల మొదట్లో ఆ కేకనే రాక్ వేదిక మీదికి తెచ్చాడు. అతని వాయిద్యంలో కంట్రీ పలుకు వెతికినా దొరకదు, ఎందుకంటే అతను నేర్చుకున్నచోట ఆ పలుకు లేదు. స్టీల్ స్వభావమే మెత్తన అనుకునేవాళ్లకు ఇది సూటి జవాబు. మెత్తదనం అలవాటులో ఉంది, వాద్యంలో లేదు.

కాబట్టి పాట ఎంచుకునేటప్పుడు గిటారు సోలోను స్వరం స్వరంగా దింపడం కంటే గాయకుడి వరుసను పట్టుకోవడం నయం. వేగంగా నాలుగు వేళ్లు పరిగెత్తే సోలోను ఒక్క బార్‌తో తరిమితే ఎంత కష్టపడ్డా ఆయాసమే వినిపిస్తుంది. గొంతు వరుస మాత్రం స్టీల్‌కు నప్పుతుంది, అయితే ఇక్కడా ఒక చిక్కుంది. పెడల్ స్టీల్‌కు సహజంగా అచ్చులే వచ్చు. ఆ, ఈ, ఊ అని ఎంతసేపైనా సాగదీస్తుంది, క, ట, ప పలకదు. హల్లులు కుడిచెయ్యి పెట్టాలి. పాటలో ఒక మాట ‘ట్’తో తెగితే అక్కడ అరచేయి పడాలి, ‘మ్’తో మూసుకుంటే వాల్యూమ్ పెడల్ కాస్త వెనక్కి రావాలి, గట్టి హల్లుతో మొదలైతే పిక్ తీగను బలంగా తాకాలి. పాట మాటలు మనసులో పాడుకుంటూ వాయించేవాళ్లకు ఇది దానంతట అదే వస్తుంది. స్వరాలు మాత్రమే చూసుకునేవాళ్లకు స్వరాలన్నీ ఒప్పుగా ఉన్నా పాట గుర్తుపట్టనట్టుగానే ఉంటుంది. రెండు గిటార్లు కలిసి గాంధార దూరంలో నడిచే వరుసలు, ఈగల్స్, ఆల్‌మన్ బ్రదర్స్ పాటల్లో వినిపించే రకం, వీటికి మాత్రం మినహాయింపు ఇవ్వాలి. ఇద్దరు వాయించేది ఒక్క స్టీల్ వాయించగలదు, వేగం మరీ ఎక్కువ కానంతవరకూ.

వాల్యూమ్ పెడల్ గురించి ఒక మాట. కంట్రీ స్టీల్‌లో మీటిన దెబ్బను దాచి స్వరాన్ని వయొలిన్‌లా ఉబ్బించడం దాని పని. రాక్‌కు ఆ దెబ్బే కావాలి. పెడల్‌ను మూడొంతుల దగ్గర ఉంచి, స్వరం తగ్గిపోయేటప్పుడు మాత్రమే ముందుకు నొక్కితే చాలు. డిస్టార్షన్‌కు ముందు వాల్యూమ్ పెడల్ ఉంటే వెనక్కి తెచ్చినప్పుడు గరుకు తగ్గి శుభ్రమవుతుంది, తర్వాత ఉంటే గరుకు అలాగే ఉండి శబ్దం మాత్రం తగ్గుతుంది. రిఫ్‌లు వాయించేవాళ్లకు రెండోది, గొంతు వరుస వాయించేవాళ్లకు మొదటిది సుఖం.

మళ్లీ ఆ రిఫ్ దగ్గరికి. గెయిన్ పూర్తిగా తీసేసి, యాంప్ శుభ్రంగా పెట్టి, టక్కు టక్కున లయ చూపే మెట్రోనోమ్ నెమ్మదిగా వేసి, పది, ఎనిమిది తీగల మీద 3, 6, 8 మాత్రమే వాయిస్తూ ఫోన్‌లో రికార్డు చేయాలి. విన్నప్పుడు స్వరాల వైపు కాకుండా వాటి మధ్య ఖాళీల వైపు చెవి పెట్టాలి. ఏ ఖాళీలోనైనా బార్ జారుతున్నట్టు పిసరంత వినపడినా అరచేయి ఆలస్యంగా పడిందన్నమాట. మూడు స్వరాల మధ్యా మెట్రోనోమ్ టక్కు తప్ప ఇంకేమీ వినపడని రోజున గెయిన్ కొద్దిగా తిప్పి, అదే మూడు స్వరాలు మళ్లీ మొదటి నుంచి.